4 నిమిషాల 20 సెకన్లు: ఉబ్బసం, అలర్జీలున్న పిల్లల కోసం మా ప్రీస్కూల్‌ని సరిచేసుకుంటున్న డైరీ

మా బళ్లో 41 మంది పిల్లలు, అందరూ రెండు నుంచి ఐదేళ్ల లోపువాళ్లు. ఉబ్బసమో, తరచూ పిల్లికూతలో ఉన్నవాళ్లు ఐదుగురు. ఏదో ఒక ఆహారం పడనివాళ్లు ముగ్గురు. ఒక పాప రెండు జాబితాల్లోనూ ఉంది కాబట్టి మొత్తం ఏడుగురు. గదులు రెండు. ఆటగది 7 × 6 × 3 మీటర్లు, అంటే 126 ఘనపు మీటర్లు. నిద్రగది 5 × 4 × 3, అంటే 60. పని చేసేది ముఖ్యంగా ఇద్దరం: టీచర్నైన నేను, మా ఆయమ్మ.

ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే మేం పడిన గుంటల్లో పడకూడదని రాస్తున్నాను. మందు ఎంత, ఎప్పుడు అన్నది ఆ పిల్లవాడి డాక్టరు రాసిచ్చిన కాగితమే చెప్పాలి. నేను చెప్పేది ఆ కాగితం, ఆ మందు పిల్లవాడి దాకా ఎలా చేరాలన్న సంగతి.

దశ 1 (వారం 1): చెప్పకుండా పెట్టిన డ్రిల్

ఏమీ కొనకముందే ఒక టెడ్డీబేర్‌ని ఆటగది మూలలో కూర్చోబెట్టి, "వీడికి ఆయాసం వచ్చింది, ఇన్‌హేలర్ తెండి" అన్నాను. చేతిలో స్టాప్‌వాచ్. మొదటి పఫ్ బొమ్మ మాస్కులోకి వెళ్లేసరికి 4 నిమిషాల 20 సెకన్లు. ఎక్కడెక్కడ పోయాయో చూడండి:

1. తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతకడం: 95 సెకన్లు
2. అల్మారాలో సరైన సంచీ వెతకడం: 50
3. స్పేసరుకి, అంటే ఇన్‌హేలర్ మందు పిల్లవాడు నిదానంగా పీల్చేందుకు వాడే గొట్టానికి, మాస్కు తగిలించడం (మాస్కు వేరే డబ్బాలో ఉంది): 45
4. ఏం చేయాలో కాగితం చదవడం: 40
5. తిరిగి బొమ్మ దగ్గరికి రావడం: 30

"తాళంచెవి పెద్ద టీచరుగారి బ్యాగులో ఉందమ్మా, ఆవిడ ఫోన్లో ఉన్నారు" అంది ఆయమ్మ. మందులు పిల్లల చేతికి అందకూడదని పెట్టిన తాళం అది. ఆ ఆలోచన తప్పేం కాదు. కానీ అందకూడనిది పిల్లల చేతికి, మా చేతికి కాదు.

అల్మారా తెరిచాం కదా అని లోపల ఉన్నదంతా బల్లమీద పరిచాం. ఐదు ఇన్‌హేలర్లలో ఒకదానికి గడువు దాటిపోయింది. ఇంకొకదాని కౌంటరు సున్నా చూపిస్తోంది, అయినా నొక్కితే తుస్సుమంటోంది. మందు అయిపోయాక కూడా లోపలి గ్యాసు కొంత వస్తుంది, ఆ చప్పుడుని నమ్మకూడదు. నీళ్లలో వేసి తేలితే ఖాళీ అనే చిట్కా కూడా చెల్లదు, కౌంటరే చూడాలి. స్పేసర్లు ఐదుగురికి మూడే ఉన్నాయి. ఒక అడ్రినలిన్ పెన్ను (అలర్జీ ప్రాణం మీదికి వస్తే తొడలో పొడిచే సూదిమందు) ఫ్రిజ్‌లో దొరికింది! చల్లగా ఉంటే పాడవదని ఎవరో పెట్టారట. పెన్నుని 20 నుంచి 25 డిగ్రీల దగ్గర గదిలోనే ఉంచాలి. చలీ, ఎండా రెండూ దానికి చేటే.

ఇప్పటి లెక్క: పని 5 గంటలు. వాడదగ్గ ఇన్‌హేలర్లు 5లో 3. డ్రిల్ 4:20.

దశ 2 (వారం 2): మీటర్లు, అందులో ఒక దొంగ మీటరు

మూడు కొలవాలనుకున్నాం: కార్బన్ డయాక్సైడు (గదిలోకి బయటి గాలి ఎంత వస్తోందో తెలియడానికి), గాలిలో ధూళి, తేమ.

మొదట తెచ్చిన కార్బన్ డయాక్సైడు మీటరు చూడ్డానికి ముద్దుగా ఉంది. పెరట్లో పెడితే 400 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 400 పాళ్లు) అంది, బాగుంది అనుకున్నాం. బయటి గాలిలో ఇప్పుడు 420కి అటూఇటూ ఉంటుంది కాబట్టి అనుమానం రాలేదు. ఆయమ్మ పక్కనే చేతులకి శానిటైజర్ రాసుకుంది. అంకె గబగబా 2,800కి ఎగబాకింది. ఆల్కహాలు ఆవిరికి కార్బన్ డయాక్సైడు ఎందుకు పెరుగుతుంది? ఆ మీటరు అసలు దాన్ని కొలవడమే లేదు. గాలిలోని రసాయనాల ఆవిరి చూసి, దాన్నిబట్టి ఒక అంకె ఊహించి చెబుతోంది. తిరిగిచ్చేసి, పరారుణ కాంతితో కొలిచే రకం, అంటే ఎన్‌డీఐఆర్ సెన్సరున్నది తెచ్చాం. కొనేముందు ఆ మాట పెట్టె మీద ఉందో లేదో చూసుకోండి. లేకపోతే శానిటైజర్ పరీక్ష పెట్టండి, నిజం చెప్పేస్తుంది.

తేమ మీటరుని ఉప్పుతో సరిచూశాం:

1. సీసా మూతలో ఒక చెంచా ఉప్పు వేసి, తడి ఇసకలా అయ్యేంత మాత్రమే నీటిచుక్కలు కలపాలి. కరిగిపోకూడదు.
2. ఆ మూతనీ, మీటరునీ జిప్ కవరులో పెట్టి గాలి చొరకుండా మూయాలి.
3. పన్నెండు గంటలు కదపకుండా వదిలేయాలి.
4. మీటరు 75 శాతం చూపించాలి. ఎంత తేడా ఉంటే అంత ఎప్పుడూ కలుపుకోవాలి.

మాది 69 చూపించింది. అందుకే ఇక్కడినుంచి రాసే తేమ అంకెలన్నీ 6 కలిపి రాసినవి.

ధూళి సెన్సరుని మొదట నా బల్లమీద పెట్టాను. రెండు రోజుల తర్వాత బుర్రకు తట్టింది: పిల్లల ముక్కు నా బల్ల ఎత్తులో ఉండదు, నిద్రగదిలో అయితే నేలకి జానెడు ఎత్తులోనే. సెన్సరుని ఒక స్టూలు మీదకి దించాను. పొద్దున 8 గంటలకి ఊడ్చేటప్పుడు పెద్ద రేణువుల అంకె, అంటే పీఎం 10, 48 నుంచి 310కి పోయింది. సన్న రేణువుల పీఎం 2.5 మాత్రం 22 నుంచి 61. ఇలాంటి చవకరకం సెన్సర్లు పెద్ద రేణువుల్ని సరిగా లెక్కించలేవు, తేమ ఎక్కువైతే సన్న రేణువుల్నీ పెంచి చూపిస్తాయి. కాబట్టి అంకెను పట్టుకుని కూర్చోలేదు, గీత ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడింది అన్నదే చూశాం. లేచింది 8:02కి, మామూలు స్థితికి దిగింది 8:55కి. పిల్లలు వచ్చేది 8:30కి.

ఇన్నాళ్లూ రోడ్డు దుమ్మని తిట్టుకుంటూ కిటికీలు మూసుకున్నాం. దుమ్ము లేపుతున్నది మా చీపురే.

ఇప్పటి లెక్క: పని 14 గంటలు. చెడిన ప్రయత్నం 1. ఉదయం 8:30కి పీఎం 10 సుమారు 290.

దశ 3 (వారం 3): శుభ్రం చేసే వేళ మార్చాం, కొత్త తలనొప్పి తెచ్చుకున్నాం

పొడి చీపురు మానేసి తడి మాప్ పట్టాం. పొద్దున పని సాయంత్రం పిల్లలు వెళ్లాకకి జరిపాం. వాసన కోసం కొట్టే రూమ్ ఫ్రెషనర్ చెత్తబుట్టలోకి పోయింది. పరిమళం శుభ్రం కాదు, పైగా ఉబ్బసం ఉన్నవాళ్లకి గొంతులో గరగర. స్ప్రే సీసాలతో గాలిలోకి కొట్టడం ఆపి, గుడ్డమీద పోసి తుడవడం మొదలెట్టాం. బ్లీచింగ్ ద్రావణం మరుగుదొడ్డికే, అదీ పిల్లలు లేనప్పుడే. ఆమ్లపు టాయిలెట్ క్లీనర్ ఉన్న చోట బ్లీచ్ పెట్టకూడదని రెండు సీసాల్నీ వేరువేరు అరల్లోకి మార్చాం. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు, ఉబ్బసం లేనివాణ్ణి కూడా పడేస్తుంది.

మూడో రోజుకే ఉదయం 8:30 అంకె 290 నుంచి 64కి దిగింది. సంబరపడ్డాం. ఎనిమిదో రోజు చెప్పుల అర వెనక నల్లటి చుక్కలు కనిపించాయి. బూజు.

ఏం జరిగిందంటే, మాప్‌ని నీళ్లు ఓడేలా పట్టి, గది తుడిచి, తలుపులన్నీ బిగించి ఇంటికెళ్లిపోతున్నాం. రాత్రంతా తేమ 78 శాతం. తేమ 60 దాటకూడదు, 30 నుంచి 50 మధ్య ఉంటే మరీ మంచిది. దాటిందంటే బూజుకీ, దుమ్ములో బతికే కంటికి కనబడని పురుగులైన డస్ట్ మైట్లకీ పండగే. దుమ్ము పోగొట్టబోయి బూజు పెంచాం. ఇప్పుడిలా చేస్తున్నాం:

1. మాప్‌ని చుక్క కారనంతగా పిండాలి.
2. తుడిచాక ఫ్యాను వేసి, ఎదురెదురు కిటికీలు తెరిచి గంటసేపు వదలాలి.
3. నేల మీద అరచేయి పెట్టి చూసి, పొడిగా ఉంటేనే తలుపులు వేయాలి.
4. అల్మారాలు, అరలు గోడకి నాలుగు వేళ్ల ఎడంగా జరపాలి.

రాత్రి తేమ 61కి దిగింది. నీళ్లు ఎక్కడ ఒలికినా, కారినా ఒకటి రెండు రోజుల్లోపు పూర్తిగా ఆరబెట్టాలన్నది గోడమీద రాసుకున్న నియమం. అంతకు మించి ఆలస్యమైతే బూజు పట్టడం మొదలవుతుంది.

ఇప్పటి లెక్క: పని 20 గంటలు. చెడినవి 2.

దశ 4 (వారం 4): నిద్రగది గాలి

14 మంది పిల్లలు, ఒక పెద్దమనిషి, తలుపులు మూసి 45 నిమిషాలు. కార్బన్ డయాక్సైడు 1,980 పీపీఎం. ఆ వాయువు ఈ మోతాదులో ఉబ్బసం తెప్పించదు. కానీ ఒకరు వదిలిన గాలినే ఇంకొకరు పీలుస్తున్నారనడానికి అది గుర్తు. ఈ వయసు పిల్లల్లో ఉబ్బసం రేగడానికి తరచూ కారణమయ్యేది జలుబు వైరస్సే. ఎదురెదురు కిటికీలు బెత్తెడు తెరిచాం, 900కి దిగింది. ఇంత సులువైన పని ఇన్నాళ్లూ చేయలేదు.

బయట పొగ ఉన్న రోజుల సంగతి వేరు. కిటికీలు తెరవలేం, అందుకే సన్న రేణువుల్నీ పట్టే హెపా ఫిల్టరున్న గాలి ప్యూరిఫయర్ కావాలి. లెక్క చిన్నదే. గది గాలి గంటకి 5 సార్లు వడకట్టాలనుకుంటే 60 × 5 = 300 ఘనపు మీటర్లు. పెట్టె మీద సీఏడీఆర్, అంటే గంటకి ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందన్న అంకె, 330 అని రాసి ఉంది. సరిపోయిందనుకున్నాం.

వారం తర్వాత ఫిల్టరు చూస్తే తెల్లగా మెరుస్తోంది. 330 అన్నది అత్యధిక వేగంలో. ఆ హోరుకి పిల్లలు నిద్రలేస్తున్నారని నిద్ర చూసే టీచరు రోజూ అత్యల్ప వేగంలో పెడుతోంది. తయారీదారు పట్టికలో ఆ వేగానికి ఉన్న అంకె 95. అంటే గంటకి ఒకటిన్నర సార్లే. ఆమెని ఏమంటాం, పిల్లలు పడుకోవద్దూ? పైగా నేను యంత్రాన్ని పరదా వెనక దాచాను, అందంగా ఉంటుందని. రెండు తప్పులకీ కలిపి ఒకటే విరుగుడు: రెండు యంత్రాలు, మధ్యస్థ వేగంలో, ఒక్కోటి 170, గది మధ్యకి జరిపి. మొత్తం 340. రొద కూడా ఒక్కటి ఫుల్లుగా తిరిగినదానికంటే తక్కువ. గాలిలోకి విద్యుదావేశం వదిలే అయనైజర్ బటన్ మీద టేపు అతికించాం. కొన్నిటినుంచి ఓజోన్ వస్తుంది, అది ఊపిరితిత్తులకి పడదు.

ప్యూరిఫయర్ కార్బన్ డయాక్సైడుని ఒక్క అంకె కూడా తగ్గించదు. పొగ లేని రోజు కిటికీలు తెరవాల్సిందే.

ఇప్పటి లెక్క: పని 28 గంటలు. చెడినవి 4. నిద్రగది 1,980 నుంచి 900.

దశ 5 (వారం 5): మెత్తని బొమ్మలు

లెక్కపెడితే 64. పన్నెండు ఉంచి మిగతావి పంపేశాం. దుప్పట్లు, దిండు గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతుకుతున్నాం, మైట్లు చస్తాయి. వేడికి ఆగని బొమ్మల్ని కవరులో కట్టి, సున్నాకి 18 డిగ్రీలు దిగువనుండే ఫ్రీజర్‌లో రెండు రోజులు. ఆ తర్వాత మామూలు ఉతుకు కూడా ఉండాలి, ఎందుకంటే చలి మైట్లని చంపుతుందే గాని అలర్జీ తెచ్చే వాటి రెట్టని తీసెయ్యదు.

మూడు లావు బొమ్మలు లోపల ఆరక ముక్కిన వాసన వచ్చాయి, పారేశాం. పెద్ద కార్పెట్ తీసేస్తే గది ఖంగుమని మోగడం మొదలైంది, పిల్లలు ఒకరిమీద ఒకరు అరుపులు. ఉతికే వీలున్న చిన్న చాపలు వేశాక కొంత తగ్గింది. పూర్తిగా కాదు.

ఇప్పటి లెక్క: పని 39 గంటలు. చెడినవి 6. మెత్తని బొమ్మలు 64 నుంచి 9.

దశ 6 (వారం 6): తిండి బల్ల

వేరుశెనగ పడని పాప ఉన్నందుకు, తిన్న తర్వాత అందరి చేతులకీ శానిటైజర్ రాయిస్తూ వచ్చాం. అది దండగ. శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది, వేరుశెనగ ప్రోటీన్ క్రిమి కాదు, చావదు. చేతిమీద అక్కణ్ణుంచి ఇక్కడికి పాకుతుంది అంతే. ఉత్త నీళ్లతో కడిగినా పూర్తిగా పోదు. సబ్బూ నీళ్లూ కావాలి, నీళ్లు లేని చోట తడి వైప్స్. బల్లని కూడా సబ్బునీళ్ల గుడ్డతో, తిండికి వాడిన గుడ్డ మళ్లీ వాడకుండా తుడుస్తున్నాం.

తిండి బల్ల దాటి వెతికితే ఇంకో మూడు దొరికాయి. ఆటపిండిలో గోధుమ ఉంటుంది. కోడిగుడ్డు అట్టలతో చేతిపనులు చేయిస్తున్నాం, గుడ్డు పడని బాబు ఉన్న బళ్లో! దుమ్ము రాలని సుద్దముక్కల్లో కొన్నిటికి పాల ప్రోటీన్ కేసీన్ కలుపుతారు, పాలు పడని పిల్లలకి అదొక ముప్పు. మూడూ మార్చేశాం.

నాకు ఇప్పటికీ సిగ్గనిపించే పొరపాటు ఇది. ఆ వేరుశెనగ పాపకి విడిగా ఒక చిన్న బల్ల వేశాను, భద్రంగా ఉంటుందని. రెండో రోజు పాప డబ్బా మూత తీయకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని అడిగింది: "టీచర్, నేనేం తప్పు చేశాను?" ఆ మధ్యాహ్నమే ఆ బల్ల తీసేశాం. ఇప్పుడు పాప అందరితోపాటు అదే బల్లకి ఒక చివర కూర్చుంటుంది. ఇటూ ఎదురూ కూర్చునే ఇద్దరి డబ్బాలు మేం ముందే చూస్తాం. ముగ్గురి ముందూ ఒకే రంగు మ్యాట్లు ఉంటాయి. పక్కన కూర్చోవడానికి పిల్లలిప్పుడు వంతులేసుకుంటున్నారు.

"ఇక్కడ వేరుశెనగ లేదు" అని బోర్డు పెట్టమని కొందరు తల్లిదండ్రులు అడిగారు. ఒప్పుకోలేదు. 41 డబ్బాలకి హామీ ఇవ్వలేం. ఆ బోర్డు చూసి పెన్ను ఎక్కడుందో మర్చిపోయే ప్రమాదం ఎక్కువ.

ఇప్పటి లెక్క: పని 44 గంటలు. చెడినవి 8.

దశ 7 (వారాలు 7, 8): నారింజ సంచీ

తాళం పోయింది. తలుపు పక్కన, నేలకి మీటరున్నర ఎత్తులో కొక్కెం, దానికి నారింజరంగు సంచీ. లోపల ఏడుగురికీ ఏడు జిప్ కవర్లు. ఒక్కో కవరులో: ఫోటో, డాక్టరు సంతకం చేసిన కాగితం, ఎవరి మందు వాళ్లది, ఉబ్బసం ఉన్నవాళ్లకైతే మాస్కు తగిలించే ఉన్న స్పేసర్. కవరు మీద గడువు తేదీ లావు అక్షరాల్లో.

అడ్రినలిన్ పెన్నులకి సూది లేని శిక్షణ పెన్ను తెప్పించుకున్నాం. మొదటిసారి ఆరుగురిలో ముగ్గురం పెన్ను చివర బొటనవేలు పెట్టి పట్టుకున్నాం, బాల్‌పెన్ను నొక్కినట్టు. తలకిందులుగా పట్టుకుని ఉంటే సూది ఆ వేలిలోనే దిగేది. పిడికిలి బిగించి పట్టుకోవాలి, చివర వేలు పెట్టకూడదు. సంచీలో పెట్టిన వరస:

1. పిల్లని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి. ఊపిరి అందకపోతే కూర్చోబెట్టాలి. నిలబెట్టకూడదు, నడిపించకూడదు.
2. పెన్ను తొడ బయటివైపు మధ్యలో. బట్టల మీదుగానైనా సరే.
3. వెంటనే అంబులెన్సుకి ఫోను. తేరుకున్నట్టు కనబడినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.
4. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే రెండో పెన్ను.
5. ఉబ్బసం కూడా ఉన్న పిల్లయితే ముందు పెన్ను, ఇన్‌హేలర్ ఆ తర్వాతే.

దద్దుర్లకి వేసే అలర్జీ మాత్ర పెన్నుకి బదులు కాదు. ఈ మాట ఎర్ర సిరాతో రాశాం.

స్పేసర్ల దగ్గర ఇంకో దెబ్బ. ఆయమ్మ శుభ్రతకి పెట్టింది పేరు. స్పేసర్లు కడిగి, పొడిగుడ్డతో అద్దంలా తుడిచి పెట్టింది. అలా రుద్దితే ప్లాస్టిక్‌కి స్థిర విద్యుత్తు పడుతుంది, మందు పిల్లవాడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకుండా స్పేసర్ గోడలకి అంటుకుంటుంది. గోరువెచ్చటి సబ్బునీళ్లలో ముంచి, తుడవకుండా, గాలికి ఆరబెట్టాలి. కొన్ని రకాలకి తర్వాత మంచినీళ్లతో జాడించొద్దని రాసుంటుంది, మీవాటి కాగితం చూసుకోండి. "మురికిగా వదిలేస్తే తిడతారు, తుడిస్తే తిడతారు, ఎలాగమ్మా మీతో" అంది. నిజమే మరి.

డ్రిల్ అంకెలు:

రెండోది: 2:05. మాస్కు ముఖానికి సందు లేకుండా పట్టడంలో ఆలస్యం.
మూడోది: 1:10.
నాలుగోది, పిల్లలు పెరట్లో ఉండగా: 3:30. సంచీ లోపలుంది, మేం బయటున్నాం. ఆ రోజునుంచి పిల్లల్ని ఎవరు బయటికి తీసుకెళ్తే సంచీ వాళ్ల భుజానికి.
ఐదోది, సెలవు టీచరు బదులు వచ్చినామెతో: 1:55. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయంది. పెద్దవి చేశాం.

ఇప్పటి లెక్క: పని 57 గంటలు. చెడినవి 10. వాడదగ్గ ఇన్‌హేలర్లు 5కి 5, స్పేసర్లు 5కి 5.

దశ 8 (వారం 9): బొమ్మ కాదు

మంగళవారం పెరట్లో పరుగులాడుతున్న నాలుగేళ్ల బాబుకి దగ్గు ఆగలేదు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతోంది. ఆయమ్మ వాణ్ణి ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుంది. ఇన్‌హేలర్ ఊపి, ఒక పఫ్, స్పేసర్‌లోని కవాటం టకటకమని కదలడం చూస్తూ ఊపిర్లు లెక్కపెట్టాం, మళ్లీ ఊపి ఇంకో పఫ్, కాగితంలో ఉన్నన్ని. రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కకూడదు. మొదటి పఫ్‌కి పట్టింది 1 నిమిషం 5 సెకన్లు. అంచనాగానే, ఆ సమయంలో స్టాప్‌వాచ్ ఎవరు చూస్తారు, గోడగడియారం బట్టి చెబుతున్నాను. పావుగంటకి వాడు బంతి అడిగాడు.

తర్వాత కూర్చుని చూసుకుంటే రెండు లోపాలు. వాళ్లమ్మకి ఇద్దరం ఫోను చేశాం, రెండోసారి మోగేసరికి ఆవిడ హడలిపోయింది. ఎన్ని పఫ్‌లు ఏ వేళకి ఇచ్చామో ఎవరూ రాయలేదు. ఒక్కొక్క కవరులో పెన్సిలు కట్టిన చిన్న చీటీల కట్ట పెట్టాం. ఫోను చేసేది మందు ఇవ్వని మనిషి, ఒక్కరే.

ఇప్పటి లెక్క: పని 59 గంటలు. చెడినవి 10, ఫోన్ల సంగతి కలిపితే 11.

మిగిలిన పనులు: ఒక పెన్ను గడువు రెండు నెలల్లో తీరుతుంది, కొత్తది కావాలని ఇంట్లో చెప్పాం. నిద్రగది ఉత్తరపు గోడ దగ్గర తేమ ఇంకా 68. లోపల పైపు కారుతోందేమోనని గోడకి చెవి పెట్టి విన్నాం, ఏ చప్పుడూ లేదు. శనివారం పెచ్చు తీసి పైపు చూడాలి.